కె1, బి: అనంతపురం వేరుశనగ సలహాల వెతుకులాటలో బీఎం25ను సరిచేసుకునే పద్ధతి

అనంతపురంలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం తన దగ్గర పోగైన వేరుశనగ సమాచారమంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి, దానికో వెతుకులాట పెట్టె తగిలించిందనుకుందాం. అందులో మూడు రకాల పాఠాలున్నాయి: 40 పదాల ఎస్సెమ్మెస్ సలహాలు, ఒకటి రెండు పేజీల కరపత్రాలు, 4000 పదాల దాకా సాగే సాగు పుస్తకాలు. రైతు "జిప్సం మోతాదు" అని కొడితే, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోలు వేయమని చెప్పే కరపత్రం పైన కనబడాలి. అది ఏడో స్థానంలో ఎక్కడో నక్కి ఉంటే, ఈ సాఫ్ట్‌వేర్ పనికిరాదు, పెద్ద ఏఐ మోడల్ తెద్దామని ఎవరో ఒకరు అంటారు. అంత దూరం పోయే ముందు, పాఠాలకు మార్కులు వేసి వరుసపెట్టే సూత్రమైన బీఎం25లో తిప్పుకోదగ్గ మరలు రెండున్నాయి: కె1, బి. వీటిని ఎటు తిప్పితే ఏమవుతుందో, ఎప్పుడు ఎంత తిప్పినా ఫలితం ఉండదో తెలిస్తే వారం రోజుల పని ఒక పూటలో తెములుతుంది.

ముందు లెక్క

బీఎం25 లండన్ సిటీ యూనివర్సిటీలో ఒకాపి అనే సెర్చ్ వ్యవస్థలో పుట్టింది. వెతుకులాట పద్ధతులను పోల్చి చూసే 1994 నాటి ట్రెక్-3 పోటీలో అందరి కంటా పడింది. ఇవాళ లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ, దాని మీద నడిచే ఎలాస్టిక్‌సెర్చ్, సోలర్ అన్నీ ఏమీ మార్చకపోతే దీన్నే వాడతాయి. ప్రశ్నలోని ఒక్కో పదానికి ఒక్కో పాఠంలో వచ్చే మార్కు ఇది:

మార్కు = అరుదు విలువ × త ÷ (త + కె1 × (1 − బి + బి × నిడివి ÷ సగటు నిడివి))

త అంటే ఆ పదం ఆ పాఠంలో ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్య. అరుదు విలువ అంటే మొత్తం పాఠాల్లో ఆ పదం ఎంత తక్కువ చోట్ల ఉంటే అంత ఎక్కువ బరువు. ప్రశ్నలోని పదాలన్నిటి మార్కులూ కూడితే ఆ పాఠం స్కోరు. పాత పుస్తకాల్లో పైన (కె1 + 1) అనే గుణకం కూడా కనిపిస్తుంది. అది అన్ని పాఠాలకూ ఒకేలా పడేది కాబట్టి వరుసను మార్చదు. లూసీన్ 8 నుంచి దాన్ని తీసేశారు.

కె1 చేసే పని

ఒక పదం మళ్లీ మళ్లీ వస్తే మార్కు ఎంతవరకు పెరగాలో కె1 నిర్ణయిస్తుంది. సగటు నిడివి ఉన్న పాఠంలో అరుదు విలువ 1 అనుకుని చూడండి. కె1 1.2 అయితే పదం ఒకసారి వచ్చినప్పుడు 0.455, రెండుసార్లకు 0.625, ఐదుసార్లకు 0.806, పదిసార్లకు 0.893. అంటే తొలి రెండు మూడు సార్లకే దాదాపు దక్కాల్సింది దక్కిపోతుంది. కె1ను 0.4కు తగ్గిస్తే ఒకసారికే 0.714, పదిసార్లకు 0.962. పదం ఉందా లేదా అన్నదే ముఖ్యం, ఎన్నిసార్లన్నది నామమాత్రం. 3కు పెంచితే ఒకసారికి 0.25, పదిసార్లకు 0.769. ఇక్కడ పదే పదే చెప్పిన పాఠానికి మూడు రెట్లకు పైగా మార్కు వస్తుంది.

ఇది వరుసను ఎలా తిప్పుతుందో "జిప్సం మోతాదు"తోనే చూద్దాం. రెండు పాఠాలూ సగటు నిడివివే, రెండు పదాల అరుదు విలువలూ సమానమే అనుకోండి. ఒక వ్యాసంలో జిప్సం 9 సార్లు ఉంది, మోతాదు అన్న మాటే లేదు. కరపత్రంలో రెండూ ఒక్కొక్కసారి ఉన్నాయి. కె1 1.2 దగ్గర వ్యాసానికి 0.882, కరపత్రానికి 0.909. కరపత్రం గెలిచింది, కానీ వెంట్రుకవాసిలో. కె1 3 అయితే వ్యాసానికి 0.75, కరపత్రానికి 0.5. తారుమారు! ఈ రెంటి మధ్య గీత సరిగ్గా 9 ÷ 7 దగ్గర, అంటే సుమారు 1.29 దగ్గర ఉంది. ప్రశ్నలోని పదాలన్నీ ఉన్న పాఠం పైకి రావాలంటే కె1 తగ్గించాలి, ఒకే విషయాన్ని లోతుగా చర్చించిన పాఠం పైకి రావాలంటే పెంచాలి.

ఒక్క పదం ఉన్న ప్రశ్నకు మాత్రం కె1ను ఎంత తిప్పినా వరుస మారదు. సూత్రంలో త ను కె1 పక్కనున్న బ్రాకెట్‌లోని నిడివి భాగంతో భాగించి చూస్తే, ఏ పాఠానికి ఆ భాగఫలం ఎక్కువో దానికే ఏ కె1 దగ్గరైనా ఎక్కువ మార్కు వస్తుంది. మార్కు విలువలు మారతాయి, క్రమం అదే. (కె1 సున్నా అయితే అన్నీ సమానమైపోతాయి, అది వేరే సంగతి.) మీ రైతులు ఎక్కువగా "తిక్క", "జిప్సం" అని ఒక్క మాటే కొడుతుంటే కె1 మీద గంటలు తగలేయడం అనవసరం. అన్నట్టు, తిక్క అంటే ఇక్కడ ఆకుమచ్చ తెగులు. ఇతర పాఠాలు కూడా కలిపారంటే మన మామూలు తిక్కకు సంబంధించినవి కూడా వచ్చి కూర్చుంటాయి, దానికి కె1 మందు కాదు.

బి చేసే పని

పెద్ద పాఠంలో ఏ పదమైనా ఎక్కువసార్లు తగలడం సహజం. ఆ అనుకూలతను ఎంతవరకు కోసెయ్యాలో బి చెబుతుంది. సున్నా అయితే కోత లేదు, 1 అయితే నిడివికి తగ్గట్టు పూర్తి కోత.

సగటు నిడివి 400 పదాలనుకుందాం. 40 పదాల ఎస్సెమ్మెస్‌లో "కాండంకుళ్లు" ఒకసారి వచ్చింది. దాన్ని దాటి పైకి రావాలంటే 4000 పదాల సాగు పుస్తకంలో అదే పదం ఎన్నిసార్లుండాలి? బి 0 అయితే 2 సార్లు చాలు. బి 0.3 అయితే 6 సార్లు. చాలాచోట్ల ముందే పెట్టి ఉండే 0.75 దగ్గర 24 సార్లు. బి 1 అయితే 101 సార్లు! ఇది కూడా ఒక్క పదం ప్రశ్న కాబట్టి ఈ అంకెల్లో కె1కు వాటా లేదు.

ఇప్పుడు ఇక్కడి సంగతి చూడండి. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాను కాండంకుళ్లు తెగులు ఊడ్చిపెట్టింది. తామర పురుగులు దాన్ని ఎలా మోస్తాయో, గట్ల మీది వయ్యారిభామను ఎందుకు పీకెయ్యాలో వివరంగా చెప్పేది పుస్తకమే. ఎస్సెమ్మెస్ చెప్పేది "కాండంకుళ్లు గమనించండి" అని ఒక ముక్క. బి 0.75 దగ్గర ఆ ముక్కలన్నీ పైన బారులు తీరి, పుస్తకం రెండో పేజీలోకి జారిపోతుంది. పెద్ద పాఠాలకు మరీ అన్యాయం జరుగుతుందని గమనించే 2011లో బీఎం25ప్లస్, బీఎం25ఎల్ అనే సవరణలు వచ్చాయి. కానీ పుస్తకాన్ని 150–200 పదాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ పుస్తకం పేరు, అధ్యాయం పేరు తగిలించి ఎక్కిస్తే ఆ సవరణల దాకా పోవాల్సిన పని సాధారణంగా పడదు. రైతుకూ పుస్తకమంతా చేతికివ్వడం కంటే ఆ పేరా ఇవ్వడమే మేలు.

మొదటి అడుగు: పదాలు సరిగ్గా విడిపోతున్నాయా?

ఇది దాటకుండా కె1, బి ముట్టుకోవద్దు. పైథాన్‌లోని మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్‌లో "పదంలోని అక్షరం" అనే గుర్తు తెలుగు గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కపెట్టదు. దానికి "వేరుశనగ" అని ఇస్తే "వ", "ర", "శనగ" అని మూడు ముక్కలు చేస్తుంది. ఘోరం ఏమిటంటే మూడో ముక్క నిజమైన పంట పేరు. వేరుశనగ అడిగిన రైతుకు నల్లరేగడి శనగ సలహాలు వస్తాయి. ఫలితాలు చూసేవాడికి "పంట విషయమే కదా, కాస్త అటూ ఇటూ అయింది" అనిపిస్తుంది కానీ పదం ముక్కలైందని తట్టదు. ఇంగ్లీషు వ్యాసంలోంచి కోడ్ ఎత్తుకొచ్చిన ప్రతిచోటా ఇదే గొడవ.

సరిచేయడానికి యూనికోడ్ తెలుగు భాగం మొత్తాన్ని, అంటే 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు, పదంలోని అక్షరాలుగా ప్రకటించండి. అంకెలను విడిగా చేర్చండి, లేకపోతే కదిరి-6 రకం, కదిరి-9 రకం రెండూ ఒట్టి "కదిరి" అయిపోతాయి. పొల్లు తర్వాత వచ్చే కనబడని విడదీత గుర్తును ముందే తొలగించండి. అది ఒక పాఠంలో ఉండి మరో పాఠంలో లేకపోతే కంటికి ఒకేలా కనిపించే "సెప్టెంబర్‌లో" అన్న మాట యంత్రానికి రెండు వేర్వేరు మాటలు.

తర్వాత విభక్తులు. వేరుశనగ, వేరుశనగలో, వేరుశనగకు, వేరుశనగను నాలుగు పదాలుగా ఉంటే త విలువ చీలిపోతుంది. లో, కు, కి, ను, ని, తో, నుంచి లాంటి చివర్లను కత్తిరించండి, అయితే కత్తిరించాక కనీసం మూడు అక్షరాలు మిగలాలని నియమం పెట్టుకోండి (గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెట్టకూడదు). ఆ నియమం లేకపోతే "ఆకు" కాస్తా "ఆ" అయిపోతుంది, "పొగాకు" "పొగా" అవుతుంది. నియమం ఉన్నా "కరివేపాకు" లాంటివి తప్పించుకోలేవు. వాటికి చిన్న మినహాయింపుల జాబితా రాసుకోవాలి.

ఆఖరుకు మాండలికం. పుస్తకాల్లో వేరుశనగ, వేరుశెనగ, వేరుసెనగ. రైతు కొట్టేది శెనక్కాయ, లేదా బుడ్డలు. వీటన్నిటినీ ఇండెక్స్ చేసేటప్పుడే, అంటే పాఠాలను వెతకడానికి ఎక్కించేటప్పుడే, ఒకే మాట కిందికి తెచ్చేయండి. ప్రశ్న వచ్చినప్పుడు మాత్రమే విస్తరిస్తే ఒక్కో రూపానికీ అరుదు విలువ వేరుగా ఉండి, తక్కువ చోట్ల కనిపించే "బుడ్డలు"కు లేనిపోని బరువు పడుతుంది. అలాగే 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. పాత పాఠాల్లో అనంతపురం జిల్లా అనే ఉంటుంది కాబట్టి జిల్లా పేరుతో వడపోత పెట్టేవారు రెండు పేర్లూ చేర్చుకోవాలి.

ఈ పనులు చేస్తే త విలువలు పెరుగుతాయి, పాఠాల నిడివి లెక్క మారుతుంది. అందుకే ముందు మరలు తిప్పి తర్వాత ఇవి చేస్తే తిప్పినదంతా వృథా.

రెండో అడుగు: ప్రశ్నలు, తీర్పులు

నిజంగా రైతులు కొట్టిన ప్రశ్నలు 80 తీసుకోండి. మీరు కూర్చుని ఊహించినవి వద్దు, అవి పాఠాల భాషలోనే వస్తాయి. ఒక్క మాటవి, రెండు మూడు మాటలవి, పూర్తి వాక్యాలు, అన్నీ ఉండాలి. 50 సరిచేసుకోవడానికి, 30 చివరి పరీక్షకు. ఆ 30ని ఆఖరి రోజు దాకా తెరవద్దు.

ఒక్కో ప్రశ్నకు ఐదు అమరికలతో మొదటి పది ఫలితాలు తీయండి: కె1 1.2, బి 0.75; కె1 0.9, బి 0.4; కె1 0.4, బి 0.2; కె1 2.5, బి 0.9; కె1 1.2, బి 0. అన్నీ కలిపి, రెండుసార్లు వచ్చినవి తీసేసి, ఏ అమరికలోంచి వచ్చాయో తెలియకుండా కలగాపులగం చేసి పంట తెలిసినవారికి ఇవ్వండి. "జిప్సం మోతాదు"కు కిలోలూ దశా రెండూ చెప్పిన పాఠానికి 2, జిప్సం గురించి ఉపయోగపడే మాట ఉంటే 1, ఊరికే పేరు తగిలితే 0. ఇద్దరు విడివిడిగా వేసి, తేడా వచ్చిన చోట మాట్లాడుకోవాలి. తేడాలు మరీ ఎక్కువగా ఉంటే తప్పు వాళ్లది కాదు, ప్రశ్నలో స్పష్టత లేదని అర్థం.

మూడో అడుగు: కొలత ఎంచుకోవడం

ఫోన్ తెర మీద మూడు ఫలితాలే కనబడితే, మొదటి సరైన ఫలితం ఎన్నో స్థానంలో ఉందో చూసే ఎంఆర్‌ఆర్ సరిపోతుంది: మొదటిదైతే 1, రెండోదైతే 0.5, మూడోదైతే 0.333, వీటి సగటు. 2, 1, 0 తీర్పులను పూర్తిగా వాడుకోవాలంటే మొదటి పదికి ఎన్‌డీసీజీ, అంటే మంచి పాఠాలు ఎంత పైన ఉంటే అంత ఎక్కువ ఇచ్చే కొలత. బీఎం25 తెచ్చిన వందను మరో మోడల్ మళ్లీ వరుసపెడుతుంటే మొదటి వందలో సరైనవి ఎన్ని చిక్కాయన్న రీకాల్ చూడాలి.

కొలత మారితే మంచి విలువలూ మారతాయి. ఎంఎస్ మార్కో అనే ప్రసిద్ధ ఇంగ్లీషు పేరాల సంకలనానికి, రీకాల్ కోసం అయితే కె1 0.82, బి 0.68 అని, మొదటి పదిలో ఎంఆర్‌ఆర్ కోసం అయితే కె1 0.60, బి 0.62 అని అన్సెరిని పనిముట్టు చేసినవారు తేల్చారు. అదే సంకలనంలో పేరాలకు బదులు పూర్తి పత్రాలను తీసుకుంటే కె1 4.46 దాకా పోయింది. అందువల్ల ఎవరో చెప్పిన అంకెను కాపీ కొట్టడం కంటే, ఏ పాఠాలకు ఏ కొలతతో వచ్చిందో అడగండి.

నాలుగో అడుగు: గడులన్నీ నింపడం

కె1కు 0.2, 0.4, 0.6, 0.9, 1.2, 1.6, 2.0, 2.5, 3.0. బికి 0 నుంచి 1 వరకు 0.1 చొప్పున 11 విలువలు. మొత్తం 99 గడులు, 50 ప్రశ్నలకు 4950 వెతుకులాటలు. కొన్ని వందల పాఠాలకు మామూలు ల్యాప్‌టాప్ చాలు. ముందు కె1 సరిచేసి, దాన్ని అలాగే ఉంచి తర్వాత బి సరిచేద్దామనుకోవద్దు. సూత్రంలో బి ఉన్న భాగాన్ని కె1 గుణిస్తుంది కాబట్టి ఒకటి మారితే రెండోదాని మంచి చోటు జరుగుతుంది.

ఎలాస్టిక్‌సెర్చ్‌లో అయితే ఇండెక్స్‌ను మూసి, విలువలు మార్చి, మళ్లీ తెరిస్తే చాలు. పాఠాలు మళ్లీ ఎక్కించనక్కర్లేదు, ఎందుకంటే ఇండెక్స్‌లో దాచేది నిడివి, త లాంటి లెక్కలనే, కె1, బిలను కాదు. కానీ పాఠం ఉన్న ఫీల్డ్‌కు నార్మ్స్ (నిడివిని దాచే ఏర్పాటు) ఆపేసి ఉంటే నిడివే ఉండదు, బి ఎంత తిప్పినా సూది కదలదు. పాఠాలు తక్కువగా ఉంటే ఒకే షార్డ్ (ఇండెక్స్‌ను చీల్చిన ముక్క) పెట్టండి, లేకపోతే ఒక్కో షార్డ్ అరుదు విలువను విడిగా లెక్కవేసుకుంటుంది.

పైథాన్ ర్యాంక్ బీఎం25 లైబ్రరీలో ముందే ఉండే విలువలు కె1 1.5, బి 0.75. దాని ఒకాపి రూపంలో సగానికి పైగా పాఠాల్లో కనిపించే పదానికి అరుదు విలువ రుణాత్మకమవుతుంది. దాని బదులు సగటు అరుదు విలువలో నాలుగో వంతు పెడతారు. మన సంకలనంలో "వేరుశనగ" అలాంటి పదమే. అందువల్ల ఇందులో తేలిన విలువను లూసీన్‌లోకి గుడ్డిగా తీసుకుపోవద్దు, అక్కడ అరుదు విలువ సున్నా కిందికి పోదు.

ఐదో అడుగు: పటం చదవడం

99 అంకెలను పట్టికగా వేసి రంగులు పూయండి. అన్నిటికంటే పెద్ద అంకె ఎక్కడుందో వెతకడం కాదు, ఎత్తైన మైదానం ఎక్కడుందో చూడండి. 50 ప్రశ్నల్లో ఒకే ఒక్క ప్రశ్నకు సరైన ఫలితం మొదటి చోటు నుంచి రెండో చోటుకు జారితే ఎంఆర్‌ఆర్ 0.01 తగ్గుతుంది. పక్కపక్క గడుల మధ్య 0.01 తేడా అంటే ఒక్క ప్రశ్న మాట. చుట్టూ ఉన్న గడులు కూడా బాగున్న చోట మధ్య గడి తీసుకోండి.

మూలలకు పోయిందంటే పాఠాల్లోనే ఏదో తేడా ఉందని అర్థం. కె1 0.2 దగ్గరే మేలుగా ఉంటే ముందు పుస్తకాల ఫుటర్లు చూడండి. "వేరుశనగ సాగు" అని 20 పేజీల కింద అచ్చైన మాట 20 సార్లు లెక్కలోకి వస్తుంది. దాన్ని తుడిచేస్తే కె1 తనంతట తానే పైకి వస్తుంది. బి 1 దగ్గర మేలైతే ముక్కలు చెయ్యని పుస్తకాలు మిగిలాయని అర్థం. బి 0 దగ్గర మేలైతే ఫొటో కింది వాక్యాలు, ఖాళీ శీర్షికలు లాంటి పొట్టి చెత్త ఇండెక్స్‌లోకి దూరిందేమో చూడండి. కె1 దిశలో పటం చదునుగా ఉంటే ఒక్క మాట ప్రశ్నలే ఎక్కువ, లేదా ముక్కలు చిన్నవై ప్రతి పదం ఒకసారే వస్తోంది. రెండు దిశల్లోనూ చదును, స్కోరూ తక్కువ అంటే మొదటి అడుగుకే తిరిగి పోవాలి.

ఇంకో మోసం ఉంది. కొత్త గడి ఎవరూ తీర్పు చెప్పని పాఠాన్ని పైకి తెస్తే, కొలత దాన్ని సున్నాగా లెక్కేస్తుంది. నిజానికి అది మంచి సమాధానం కావచ్చు. ఎంచుకోబోయే మూడు నాలుగు గడులకు మొదటి పదిలో తీర్పు లేనివి ఎన్నున్నాయో లెక్కపెట్టి, వాటికీ మార్కులు వేయించి, మళ్లీ కొలవండి. ఈ ఒక్క పని చేయనందువల్లే పాత అమరికే గొప్పదని తేలిపోతుంటుంది, ఎందుకంటే తీర్పులన్నీ దాని ఫలితాల చుట్టూనే ఉంటాయి.

ఆ తర్వాతే దాచిన 30 ప్రశ్నలు తెరవాలి. సగటుతో పాటు ఎన్ని ప్రశ్నలు మెరుగయ్యాయి, ఎన్ని చెడ్డాయి అని చూడండి. 5 మెరుగై 4 చెడితే పాత విలువలే ఉంచెయ్యండి. 14 మెరుగై 3 చెడితే మార్చండి, ఆ 3 ఎందుకు చెడ్డాయో చదవండి.

పెట్టాక చూడాల్సింది

బి పనిచేసేది సగటు నిడివితో కాబట్టి, మీరు ఏమీ ముట్టుకోకపోయినా అది మారిపోగలదు. 300 పాఠాలు, సగటు 400 పదాలు ఉన్న చోట ఖరీఫ్‌లో 600 ఎస్సెమ్మెస్‌లు చేరాయనుకోండి, ఒక్కోటి 40 పదాలు. సగటు 160కి పడిపోతుంది. నిన్నటి దాకా సరిగ్గా సగటు నిడివి ఉన్న 400 పదాల కరపత్రం ఇవాళ సగటుకు రెండున్నర రెట్లు. కె1 1.2, బి 0.75 దగ్గర రెండుసార్లు వచ్చిన పదానికి దాని మార్కు 0.625 నుంచి 0.44కు దిగుతుంది. ఎస్సెమ్మెస్‌లకు వేరే ఇండెక్స్ పెట్టండి. అది కుదరకపోతే సగటు నిడివిని నెలకోసారి రాసిపెట్టుకుని, అది నాలుగో వంతుకు మించి కదిలినప్పుడు నాలుగో అడుగు నుంచి మళ్లీ నడపండి. తీర్పులు ఉన్నవే పనికొస్తాయి, కొత్తగా పైకి వచ్చినవాటికి మాత్రం మార్కులు వేయించాలి.